కుటుంబం కిందకు రాని వాళ్లతో ఓడ ప్రయాణం
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పది నిమిషాలు ఏదైనా సరదా విషయం మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. డి.ఏ. బకాయిల గురించి మాట్లాడమంటారా అని అడిగాను. అది సరదా విషయం కాదన్నారు. అందుచేత నా ఓడ ప్రయాణం గురించి చెబుతాను.

ముందు ఒక నిబంధన గుర్తు చేస్తాను. సర్వీసులో ఉండగా మనందరం ఎల్.టి.సి. వాడుకున్నవాళ్లమే. ఆ బిల్లులు రాసిన గుమాస్తాను కాబట్టి నాకు కంఠతా వచ్చు. కుటుంబం అంటే భార్య, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులు. పెళ్లయి వెళ్లిపోయిన అక్కచెల్లెళ్లు కుటుంబం కిందకు రారు. నేను తిరుపతి, మద్రాసు, కాశీ అన్నీ తిరిగాను గానీ నా ముగ్గురు అక్కచెల్లెళ్లను ఒక్క ఊరికీ తీసుకెళ్లలేదు. నిబంధన లేదు కదా అనుకున్నాను. ప్రేమకు కూడా జి.ఓ. కావాలనుకునే రకం నేను.

2022లో నాకు 73 ఏళ్లు. పెద్దక్కయ్యకు 80, చిన్నక్కయ్యకు 76, చెల్లెలికి 68. ఆ ఏడాది చెన్నై రేవు నుంచి విహార నౌకలు బయలుదేరుతున్నాయని, రెండు రాత్రులు సముద్రంలో తిప్పి మళ్లీ చెన్నైలోనే దింపుతారని మా అబ్బాయి చెప్పాడు. ఇక ఆలస్యం చేస్తే నలుగురమూ కలిసి వెళ్లడమంటూ ఉండదనిపించింది. నాలుగు టిక్కెట్లు తీయమన్నాను. మా ఆవిడను రమ్మంటే, "మీ అక్కచెల్లెళ్ల మధ్య నేనెందుకు, మీరు నలుగురూ తేల్చుకోండి" అంది.

తేల్చుకోవలసింది నిజంగానే ఉంది. మా పెద్దక్కయ్యకూ చిన్నక్కయ్యకూ 28 ఏళ్లుగా మాటల్లేవు.

మా అమ్మ 1994లో పోయింది. పన్నెండో రోజు కర్మలు అయ్యాక అమ్మ ట్రంకుపెట్టె తెరిచాం. అందులో కాసులపేరు దాచుకునే ఇత్తడి డబ్బా ఉంది, కాసులపేరు లేదు. పెట్టె తాళం చెవి పెద్దక్కయ్య కొంగుకు ఉండేది. బావగారు చిన్న వయసులోనే పోతే ఆమె అమ్మ దగ్గరే ఉండిపోయి, చివరిదాకా అమ్మకు చాకిరీ చేసింది. చిన్నక్కయ్య పెద్దగా పోట్లాడలేదు. "తాళం ఎవరి దగ్గర ఉందో వాళ్లకే తెలియాలి" అని ఒక్క మాట అని బండెక్కింది. పెద్దక్కయ్య ఏమీ బదులు చెప్పలేదు. ఆ మౌనాన్ని చిన్నక్కయ్య ఒప్పుకోలు కింద జమ కట్టింది. అప్పటి నుంచి పెళ్లిళ్లకు ఇద్దరూ వచ్చేవారు, చెరో మూల కూర్చునేవారు.

నేనేం చేశానంటారా? మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ఫైలు పెండింగులో పెట్టాను. లోపల మాత్రం నాకూ పెద్దక్కయ్య మీద కాస్త అనుమానం ఉండేది. ఈ మాట ఇప్పుడు ఇంతమంది ముందు చెప్పడం సిగ్గుగా ఉంది, కానీ చెప్పాలి.

అందుచేత ఈ ప్రయాణానికి ఇద్దరికీ వేర్వేరు మెమోలు ఇచ్చాను. చిన్నక్కయ్య రావడం లేదని పెద్దక్కయ్యకు, పెద్దక్కయ్య రావడం లేదని చిన్నక్కయ్యకు చెప్పాను. చెల్లెలు నాకు తోడుదొంగ.

పెద్దక్కయ్యను ఒప్పించడం తేలిక కాలేదు. మా తాతగారి తమ్ముడు కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్లాడు. 1942లో జపాను వాళ్లు రంగూన్ పట్టుకున్నప్పుడు వేలమంది తెలుగువాళ్లు అడవుల్లో పడి నడిచి వచ్చారు గానీ ఆయన రాలేదు. మా ఇంట్లో ఓడ అంటే అదీ అర్థం. అందుకని ముందే అడిగింది.

"ఇంతకీ ఏ ఊరు వెళ్తుందిరా ఈ ఓడ?"

"ఏ ఊరూ వెళ్లదక్కయ్యా. సముద్రంలోకి వెళ్లి తిరిగి వస్తుంది."

"ఎక్కడికీ వెళ్లకపోవడానికి ఇంత డబ్బా! ఎక్కడికీ వెళ్లకుండా నేను ఇంట్లోనే ఉన్నానుగా!"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు.

జూలై నెలలో చెన్నై రేవుకు చేరాం. అక్కడ మొదటి అభ్యంతరం మా సామానుకు వచ్చింది. పెద్దక్కయ్య పెట్టెను యంత్రంలో పెట్టగానే గంట మోగింది. లోపల కరెంటు కుక్కర్, రెండు కిలోల బియ్యం, జాడీతో ఆవకాయ. ఓడలో నిప్పు ప్రమాదం అన్నిటికంటే పెద్దది కాబట్టి వేడెక్కే కరెంటు సామాను ఏదీ ఎక్కనివ్వరట. ఇంటి వంటకాలకూ అనుమతి లేదట. మూడూ తీసి పక్కన పెట్టి రసీదు ఇచ్చారు. "తెలియని వాళ్ల వంట రెండు రోజులు తినాలా" అని పెద్దక్కయ్య రసీదును ఒకటికి రెండుసార్లు చదివించుకుని రొంటిన దోపుకుంది.

అదే సమయానికి వెనక వరుసలో చిన్నక్కయ్య వాళ్లబ్బాయితో దిగింది. అక్కాచెల్లెళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. తరవాత ఇద్దరూ నన్ను చూశారు. నేను ఆడిట్ పార్టీని చూసిన క్యాషియరులా నిలబడ్డాను. చిన్నక్కయ్య వెనక్కి తిరగబోయింది గానీ వాళ్లబ్బాయి అప్పటికే కారు తీసుకుని వెళ్లిపోయాడు. పైగా లోపలికి వెళ్లాక తెలిసింది, వాళ్లిద్దరికీ ఒకే గది అని. "నా గది మార్చు" అంది. ఓడ నిండిపోయిందన్నాను. నిజానికి నేను కనుక్కోలేదు.

గది చిన్నదే గాని శుభ్రంగా ఉంది. తక్కువ టిక్కెట్టు కాబట్టి కిటికీ లేదు. రెండు మంచాలు. పెద్దక్కయ్య ప్రయాణం బడలికతో వినికిడి యంత్రం తీసి, గోడవైపు తిరిగి పడుకుంది. చిన్నక్కయ్య రెండో గోడవైపు తిరిగి కూర్చుంది. నేనూ చెల్లెలూ పక్క గదిలోకి వెళ్లాం.

కొంతసేపటికి అత్యవసర కసరత్తు జరుగుతుందని ఇంగ్లీషులో, హిందీలో మైకులో చెప్పారు. తరవాత ఓడ కూత మొదలైంది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. ప్రపంచంలో ఏ ఓడలోనైనా ప్రమాద సంకేతం అదే. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే పెద్ద ఓడ రాతికి తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. కొందరు ప్రయాణికులు అప్పటికింకా ఈ కసరత్తు చేయనేలేదు. ఆ తరవాత నిబంధన మార్చారు. 2015 నుంచి ఓడ బయలుదేరే ముందే, లేదా బయలుదేరిన వెంటనే ఈ కసరత్తు జరిపి తీరాలి. ఇదంతా నాకు తరవాత తెలిసింది. పెద్దక్కయ్యకు అప్పుడు తెలియదు. చెవిలో యంత్రం లేదు కాబట్టి మైకులో చెప్పింది వినబడలేదు. గోడలు అదిరేలా వచ్చిన ఆ కూత మాత్రం వినబడింది. లేచి తలుపు తీసేసరికి జనమంతా లైఫ్ జాకెట్లు పట్టుకుని మెట్లవైపు వెళుతున్నారు.

నేనూ చెల్లెలూ వాళ్ల గది దగ్గరికి చేరేసరికి పెద్దక్కయ్య నారింజ రంగు జాకెట్టును తలకిందులుగా తొడుక్కుని, చిన్నక్కయ్య రెండు చేతులూ పట్టుకుని నిలబడి ఉంది. వినబడనివాళ్లు గట్టిగా మాట్లాడతారు కదా. వసారా అంతా వినబడేలా చెబుతోంది.

"ఇంక మనకు టైము లేదే. ఓడ మునిగిపోతోంది. కాసులపేరు నేను తియ్యలేదు. అమ్మే తెంచింది. సమ్మెలో తమ్ముడికి జీతం రాకపోతే నెలకు కొన్ని కాసులు తెంచి నా చేతికిస్తే, నేనే కాకినాడ వెళ్లి షరాబుకు అమ్మి వాడికి బియ్యం, డబ్బు పంపాను. వాడికి చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. నువ్వు మాత్రం నన్ను దొంగనుకుని పోకే."

మిత్రులారా, ఈ సభలో నా వయసువాళ్లకు ఆ సమ్మె గురించి వేరే చెప్పనక్కర్లేదు. జై ఆంధ్ర ఉద్యమంలో 1972 డిసెంబరులో మొదలైన ఎన్.జి.ఓ.ల సమ్మె. మూడు నెలలకు పైగా మనకు జీతాలు లేవు. నేను సర్వీసులో చేరి రెండేళ్లయింది. ఇంట్లో నెలల పిల్లాడు. అప్పుడు మా ఊరి నుంచి టౌనుకు వచ్చే పాలమనిషి చేత బియ్యం, ఒక కవరులో డబ్బు వచ్చేవి. పొలం మక్తా తాలూకు అని కబురు చేసేవారు. ఆ ఏడు మక్తా అంత బాగా ఎలా వచ్చిందని నేను ఒక్కసారైనా అడగలేదు. పెద్ద లెక్కల గుమాస్తాను! ఇంట్లో లెక్క మాత్రం సరిచూడలేదు.

చిన్నక్కయ్య ముఖం తెల్లబోయింది. నేను గోడ పట్టుకున్నాను. ఆ ఓడ ఉద్యోగి పిల్లాడు మాత్రం నవ్వుతూ పెద్దక్కయ్య జాకెట్టు సరిగ్గా తిప్పి తొడిగి, బెల్టు బిగించి, పదండి అన్నాడు. పై అంతస్తులో వరుసగా నిలబెట్టారు. అక్కడి నుంచి చూస్తే చెన్నై రేవు గోడ మూరెడు దూరంలో ఉంది. ఓడను కట్టిన తాళ్లు ఇంకా విప్పనేలేదు.

చెల్లెలు ఆమె చెవిలో యంత్రం పెట్టి సంగతి చెప్పింది. పెద్దక్కయ్య రేవుకేసి చూసింది, తాళ్లకేసి చూసింది. "అయితే అమ్మకు వేసిన ఒట్టు అనవసరంగా తప్పానా!" అంది.

ఆ సాయంత్రం ఓడ కదిలింది. ఎవరమూ సరిగ్గా మాట్లాడుకోలేదు. భోజనాల దగ్గర నూరు రకాలు పెట్టారు. పెద్దక్కయ్య పెరుగన్నం తిని "ఆవకాయ ఉంటే బాగుండేది" అంది. చిన్నక్కయ్య తిన్నదేమీ ఇమడలేదు. ఓడ ఊగుతున్నట్టు చెవి చెబుతుంది, గది కదలడం లేదని కన్ను చెబుతుంది. ఆఫీసు లెక్కా ట్రెజరీ లెక్కా కలవనట్టు రెండూ కలవకపోతే కడుపు తిప్పుతుంది. బయటికెళ్లి దూరాన ఆకాశం, సముద్రం కలిసే గీతను చూస్తే రెండు లెక్కలూ మళ్లీ కలుస్తాయి. కాస్త గాలి పోసుకు వస్తానని చిన్నక్కయ్య రాత్రి తొమ్మిదింటికి ఒక్కతే పైకి వెళ్లింది.

పది దాటినా రాలేదు. పెద్దక్కయ్య నా తలుపు బాదింది. "ఒరే, చిన్నది రాలేదురా. అది అసలే అభిమానం మనిషి." ఆ మాటతో నా కాళ్లు చల్లబడ్డాయి. చెల్లెలిని గదిలో ఉండమని మేమిద్దరం బయలుదేరాం. పై అంతస్తు చూశాం, భోజనశాల చూశాం. మా గదుల కింది అంతస్తుకు దిగుతుంటే మెట్ల మలుపులోనే గొంతు వినబడింది.

ఓడలో అన్ని అంతస్తులూ ఒక్కలాగే ఉంటాయి. అదే తివాచీ, అవే తలుపులు, గది అంకెల్లో మొదటి అంకె ఒక్కటే తేడా. చిన్నక్కయ్య ఒక అంతస్తు ఎక్కువ దిగేసింది. కార్డు పెడితే తలుపు తెరుచుకోలేదు. పెద్దక్కయ్య కోపంతో లోపల గడియ పెట్టుకుందనుకుంది. ఆ తలుపుకు తల ఆనించి కూర్చుని, ఏడుస్తూ చెబుతోంది.

"అక్కా, తలుపు తియ్యవే. తప్పు నాదేనే. ఇరవై ఎనిమిదేళ్లు నిన్ను అనరాని మాట అనుకున్నాను. నా కూతురి పెళ్లిలో నీకు బొట్టు పెట్టి పిలవలేదు, కార్డు పంపించి ఊరుకున్నాను. నన్ను నాలుగు తిట్టు గానీ తలుపు తియ్యవే."

నేను ముందుకు వెళ్లబోతే పెద్దక్కయ్య నా చెయ్యి పట్టుకుని ఆపింది. చెవిలో యంత్రం ఉంది. ప్రతి మాటా విన్నది. ఇంతలో ఆ తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య. తమిళులు. పాపం వాళ్లకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఆ తల్లి కింద కూర్చుని చిన్నక్కయ్య కన్నీళ్లు తుడిచి, మంచినీళ్ల గ్లాసు నోటికి అందించింది. చిన్నక్కయ్య ఆవిడను ఎగాదిగా చూసి, "మా అక్క ఏదండీ?" అంది.

"ఇక్కడున్నానే, పిచ్చిదానా. నీ పైఅంతస్తు దానికి కింద అంతస్తులో క్షమాపణ చెబుతున్నావు" అంది పెద్దక్కయ్య.

ఆ రాత్రి పై అంతస్తులో ఇద్దరూ ఒకే శాలువా కప్పుకుని ఎంతసేపు కూర్చున్నారో నాకు తెలియదు. నేను అక్కడ ఉండకూడదనిపించి వచ్చేశాను. తెల్లవారుజామున అనుకుని పెద్దక్కయ్య లేచి స్నానం చేసి, స్తోత్రాలు మొదలుపెట్టిందట. కిటికీ లేని గదిలో వేళ తెలియదు కదా. అప్పుడు సమయం రెండున్నర. చిన్నక్కయ్య విసుక్కోకుండా లేచి ఆమెకు జడ అల్లిందని చెల్లెలు మర్నాడు చెప్పింది. ఆ మర్నాడంతా ఇద్దరికీ నోరు మూతపడలేదు.

అందరి సమస్యా తీరింది కాబట్టి ఇక నా వంతు వచ్చింది. చివరి రాత్రి పెట్టెలకు రంగు చీటీలు కట్టి గది బయట పెడితే, ఉద్యోగులే రేవులోకి దింపుతారు. మా చెల్లెలు మహా జాగ్రత్త మనిషి. ఒక్క వస్తువు మిగలకుండా సర్దింది. నేను ఉదయానికి కుర్చీ మీద మడతపెట్టుకున్న ప్యాంటూ చొక్కాతో సహా. తెల్లారి లేచేసరికి నా ఒంటి మీద గళ్ల లుంగీ, బనీను. పెట్టె ఎప్పుడో వెళ్లిపోయింది.

చేసేదేముంది? పెద్దక్కయ్య శాలువా కప్పుకుని, అందరూ కోట్లూ బూట్లూ వేసుకుని దిగుతుంటే నేను లుంగీతో దిగాను. కింద హాలులో వందల పెట్టెలు. అందులో మాది వెతకడానికి అరగంట పట్టింది. నన్ను కూలీ అనుకుని ఒకాయన తన పెట్టె చూపించాడు కూడా. పెద్దక్కయ్య నన్ను తేరిపార చూసి, "సమ్మె రోజుల్లో కూడా నిన్ను ఇంత అధ్వాన్నంగా చూడలేదురా" అంది. అక్కచెల్లెళ్లు ముగ్గురూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆ ముగ్గురూ కలిసి నవ్వగా విని ఎన్నేళ్లయిందో లెక్క వేసుకున్నాను. లుంగీ సంగతి మరిచిపోయాను.

రసీదు చూపించి కుక్కరు, బియ్యం, ఆవకాయ విడిపించుకున్నాం. జాడీ ఒరిగి నూనె కారి కుక్కరంతా ఎర్రబడింది. చిన్నక్కయ్య దాన్ని తన చీరకొంగుతో తుడిచింది.

ఇంటికి వచ్చాక నేను పెద్దక్కయ్యతో ఆ కాసులపేరు మళ్లీ చేయిస్తానన్నాను. "అమ్మ తన కొడుకు కడుపుకు పెట్టుకుంది. నేను మోసిచ్చాను, అంతే. బకాయిలు అడిగే అలవాటు మీ సంఘానిది, నాది కాదు" అంది. మరి అమ్మ పోయినప్పుడైనా నిజం చెప్పవచ్చు కదా అంటే, "వాడు తిన్న అన్నం వాడికి బరువు కాకూడదని అమ్మ మాట. చెబితే నీ మెతుకులే లెక్క పెట్టేవారు" అంది. నా కోసం ఆమె 28 ఏళ్లు దొంగ అనిపించుకుంది. నేనేమో ఆమె నా కుటుంబం కిందకు రాదని బిల్లులు రాశాను.

ఇప్పుడు రోజూ రాత్రి ఎనిమిదింటికి చిన్నక్కయ్య ఫోను చేస్తుంది. పెద్దక్కయ్యకు వినబడేలా అరుస్తుంది. వీధి వీధంతా వాళ్ల కబుర్లు వింటుంది. ఎవరికీ అభ్యంతరం లేదు.

మన సభ్యులలో ఎవరైనా ఓడ ప్రయాణం చేయదలిస్తే నా అనుభవం మీద మూడు మాటలు. ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులో గది తీసుకోండి, ఊపు తక్కువ. గది నంబరు కార్డు మీద ఉండదు కాబట్టి చీటీ రాసి జేబులో ఉంచుకోండి. చివరి రాత్రి ప్యాంటును తలకింద పెట్టుకుని పడుకోండి.

ఓడ ఎక్కకపోయినా ఫరవాలేదు. ఏటా మనం బతికే ఉన్నామని ట్రెజరీకి సర్టిఫికెట్ ఇస్తున్నాం. ఇవ్వకపోతే పెన్షను ఆగుతుందని భయం. మన తోడబుట్టినవాళ్లకు ఆ సర్టిఫికెట్ చివరిసారి ఎప్పుడు ఇచ్చామో ఈ రాత్రి ఇంటికి వెళ్లి ఆలోచించండి. వాళ్లు ఉండగానే ఫైలు తెరవండి. తాళ్లు విప్పకముందే కూత వినబడితే అది అదృష్టమే.